ఆరియా ఒకరి మాట, బస్ అందరి మాట

మా మరిది పోయాడన్న కబురు ఉక్కునగరం నుంచి షిఫ్టు బస్సులో వచ్చిన పక్కింటాయన తెచ్చాడు. చెప్పులైనా విప్పకుండా గోడ అవతల నుంచే, "మీ మరిదిగారు పొద్దున్న పోనారంటమ్మా" అన్నాడు. నేను అప్పుడు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. ప్రతిదానికీ బెంగపడే మనిషినని మన మల్కాపురంలో అందరూ నన్ను ఎరుగుదురు. రిఫైనరీ గొట్టం మీద మంట పెద్దదైతే నాకు భయం. చిన్నదైతే లోపల ఏమైందోనని ఇంకా భయం. షిఫ్టు సైరన్ కాస్త ఆలస్యమైతే వీధిలోకి వచ్చి నిలబడతాను. అలాంటిదాన్ని ఆ పొద్దున్న మాత్రం ఏ బెంగా లేకుండా బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. భయపడని రోజే వచ్చింది కబురు.

పాస్టరమ్మగారు మన సంఘ పత్రికకు ఆయన గురించి రెండు మంచి ముక్కలు రాసివ్వమన్నారు. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి. మంచి ముక్కలు చాలానే ఉన్నాయి. అవి మాత్రమే రాసి ఊరుకుంటే నాకూ సుఖంగా ఉండేది. కానీ నోట్లో చేదు ఉంచుకుని తీపి మాటలు రాయడం నాకు చేతకాలేదు. చదివేవాళ్ళు క్షమించాలి.

నేను కాపురానికి వచ్చేసరికి మా మరిదికి ఆరేళ్ళు. మా అత్తగారు మంచాన ఉండేది. వాడికి తల అంటిందీ, ముల్లు తీసిందీ, గజ్జి పుండ్లకి మందు రాసిందీ నేనే. నన్ను వదినా అని పిలిచాడు కానీ అమ్మ దగ్గర చేసే పేచీలన్నీ నా దగ్గరే చేశాడు. పెద్దయ్యాక కొన్నాళ్ళు చిన్న పడవల మీద తిరిగాడు. తర్వాత మా ఆయనే తనతోపాటు ఓడల పనిలోకి తీసుకుపోయాడు.

పని గురించి కాస్త చెప్పాలి. తెలిసినవాళ్ళు విసుక్కోకండి. మా ఆయన వించి డ్రైవరు. వించి అంటే ఓడ మీద సరుకు ఎత్తి దించే యంత్రం. దాని దగ్గర నిలబడ్డవాడికి ఓడ కడుపు కనపడదు. కింద ఎవరున్నారో, సరుకు ఎక్కడ దిగుతోందో తెలియదు. కడుపు అంచున ఒక మనిషి నిలబడి, కిందకి చూసి, చెయ్యి ఊపి, కేకేసి చెబుతాడు. ఆయన సిగ్నల్ మేన్. మా మరిది అదీ. అన్న కిందేముందో కనపడకుండానే దించుతాడు, తమ్ముడు చూసి చెబుతాడు. అందరూ ముచ్చటపడేవాళ్ళు, అన్నకి చేతులూ తమ్ముడికి కళ్ళూ ఇచ్చాడు దేవుడని.

ఆ కేకలు మూడే. ఎత్తమనడానికి అబీస్. దించమనడానికి ఆరియా. ఆపమనడానికి బస్. ఆరియా అన్నది ఏ దేశపు మాటో ఎవరికీ తెలియదు. ఎప్పుడో బుడతకీచుల ఓడల మీద నుంచి దిగి మన రేవుల్లో ఉండిపోయిందని ఒక ముసలి సరంగు చెప్పేవాడట. ఎక్కడిదైతేనేం, మా మరిది దాన్ని ఇంటికి మోసుకొచ్చాడు. నూతిలోకి చేద వదులుతుంటే వెనకనుంచి ఆరియా, ఆరియా అనేవాడు. గోడెక్కిన పిల్లలకీ అదే మాట. నా తోడికోడలు గొంతు పెంచిందంటే చెయ్యి బోర్లించి వేళ్ళు ఆడిస్తూ ఆరియా అనేవాడు. ఆమెకి కోపం రెట్టింపయ్యేది. పిల్లల జ్వరం తగ్గితే ఆరియా అయ్యిందనేవాడు. పూర్ణా మార్కెట్టులో చేపలమ్మి దగ్గర కూర్చుని, "ఏటమ్మా, మరి కూసింత ఆరియా సెయ్యవా" అని ధర దించమనేవాడు. ఆవిడ, "నీ ఓడ కాదు బాబూ, నా గంప ఇది" అనేది. అయినా దించేది. మొహమంతా నవ్వే వాడిది, ఎవరు కాదనగలరు.

నేను వద్దనుకున్నా గాబరా పడుతుంటే నాకూ అదే చెప్పేవాడు. నా ఎదురుగా కూర్చుని అరచెయ్యి మెల్లిగా కిందకి దించుతూ, "వొదినా, ఆరియా. ఏటీ అవ్వదు" అనేవాడు. నిజానికి ఆ చేతిని చూస్తుంటే నా గుండె కొంచెం నెమ్మదించేది. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ చెయ్యే కనపడుతోంది.

ఒకరోజు నేను కేరేజి పట్టుకెళ్ళి గేటు దగ్గర నిలబడితే, పని గురించి మా మరిదే చెప్పాడు. "వొదినా, ఆరియా ఒకడే అనాల. ఇద్దరు అన్నారంటే మనిషి సచ్చిపోతాడు. బస్ మటుకు ఎవుడైనా అనొచ్చు. కూలోడైనా, కేరేజి అట్టుకొచ్చిన నువ్వైనా. బస్ ఇనపడితే ఎవుడన్నాడని సూడకుండా వించి ఆపీయాల. అదీ మా రూలు." ఆ రూలు నాకెంతో నచ్చింది. నాలాంటిదానికి కూడా ఒక మాట ఉంచారు కదా అనుకున్నాను. ఓడ మీదకి మనమెప్పుడు వెళ్ళాం, ఆ మాట మనమెప్పుడు అంటాం అనుకుని నవ్వుకున్నాను కూడా.

ఇక ఆ రోజు సంగతి. పదహారేళ్ళయింది. మధ్యాహ్నం టీ వేళ. ఇనుప కమ్మీల కట్టలు ఓడలోకి దించుతున్నారు. ఆ పని చేయించిన కంపెనీ ఇప్పుడు లేదు, పేరు అనవసరం. తప్పు కంపెనీది కూడా కాదు. కట్ట ఒకటి గాల్లో ఉంది. ఒడ్డు మీద నుంచి ఎవరో టీ వచ్చిందని మా మరిదిని పిలిచారు. వాడు మొహం అటు తిప్పి, చెయ్యి ఇటు ఊపి, ఆరియా అన్నాడు. కిందకి చూడలేదు. అంతకుముందు వెయ్యిసార్లు చూశాడు, ఆ ఒక్కసారి చూడలేదు. మా ఆయన చెయ్యి చూశాడు, కేక విన్నాడు, దించాడు. కింద ఓడ కడుపులో కూలీ అప్పన్న వంగి చెక్క సర్దుతున్నాడు. అప్పన్న అరుపు విన్నాక మా ఆయన తనంతట తనే ఆపాడు. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

సాయంత్రం అన్నదమ్ములిద్దరూ ఇంటికి వచ్చారు. అప్పుడు రెండు కుటుంబాలం ఒకే ఇంట్లో, రెండు గదుల్లో ఉండేవాళ్ళం. మరిదికి మూడో బిడ్డ పుట్టి ఆరు నెలలు. వాడు చెయ్యైనా కడుక్కోకుండా గోడకి జారగిలబడి కూర్చున్నాడు. మర్నాడు ఆఫీసులో ఇద్దరినీ విచారిస్తారు. ఏం జరిగిందో ఈ ఇద్దరికే తెలుసు. కింద ఉన్న అప్పన్నకి కట్ట తప్ప ఏమీ కనపడలేదు.

"రేపు సెప్పీస్తాను అన్నియ్యా" అన్నాడు మరిది. "సూడకుండా అన్నీసాను. నాదే తప్పు."

 మా ఆయన, "నీకు కార్డు నేదురా" అన్నాడు.

అంతే సంగతి. మా ఆయన కార్డున్న మనిషి. ఖాయం పని. మా మరిది బద్లీ, ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు వెళ్ళేవాడు. బద్లీవాడు తప్పు చేశానంటే ఆ సాయంత్రమే గేటు బయట. మళ్ళీ ఏ ఓడా ఎక్కనివ్వరు. కార్డున్నవాడిని తియ్యరు, కొన్నాళ్ళు కూర్చోబెట్టి మళ్ళీ తీసుకుంటారు. మా ఆయన లెక్క అదీ. "కేక రాకముందే నానే దించీసేనని సెప్తాను. నువ్వు ఆరియా అననేదని సెప్పు. నీకు కార్డొచ్చినాక నిజం సెప్పుకుందువుగాని" అన్నాడు. అప్పటికి దెబ్బ తగిలిన మనిషి కూడా కుదుటపడతాడన్నాడు. మరిది తలకొట్టుకుని ఏడ్చాడు. వద్దన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు.

మా ఆయన లెక్క తప్పింది. పనిలోంచి తియ్యలేదు, నిజమే. వించి దగ్గరికి మాత్రం మళ్ళీ పోనివ్వలేదు. గోదాములో ఖాళీ గోనెలు దులిపి మడిచే పనిలో పెట్టారు. తోటివాళ్ళు దానికీ ఆ మాటే వాడారు. ఆయన్ని ఆరియా చేసేశారని చెప్పుకున్నారు. పై నుంచి కిందకి దించారని. మా ఇంట్లో నవ్వులాటకి వాడుకున్న మాట వీధిలో మా ఆయనకి తగిలించారు. ఆయన విని, నవ్వినట్టు ముఖం పెట్టేవాడు.

అంతకంటే పెద్ద శిక్ష అప్పన్న వేసింది. అప్పన్న ఆస్పత్రి నుంచి వచ్చాక మా ఆయన చూడబోతే గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్ళమ్మ గుమ్మంలోనే, "కేక ఇనకుండా దించీసిన సెయ్యి ఇదేనా నాయినా" అని అడిగింది. తిట్టలేదు. అడిగింది. ఆయన ఇంటికి వచ్చి కుడిచెయ్యి చాలాసేపు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి అప్పన్న ఇంటి మీదుగా పనికి వెళ్ళడం మానేశాడు. చుట్టూ తిరిగి, రైలు పట్టాలు దాటి వెళ్ళేవాడు. రైలు పట్టాలు కదా, నాకు అదొక కొత్త భయం.

మా మరిదికి రెండేళ్ళకి కార్డొచ్చింది. పూర్ణా మార్కెట్టు నుంచి జిలేబీ పొట్లం పట్టుకొచ్చి ముందు నా చేతిలో పెట్టాడు. నేను పొట్లం విప్పకుండా, ఎప్పుడు చెబుతావు బాబూ అని అడిగాను. వచ్చే నెల అన్నాడు. వచ్చే నెల పిల్లకి అమ్మవారు పోసింది. ఆ తర్వాత ఏదో సమ్మె. ఆ తర్వాత, "సెప్తే కార్డు లాగీసుకుంటారు వొదినా" అన్నాడు. మా ఆయన నన్నే కసిరాడు. "వొగ్గీవే, ఆడి పిల్లలు సిన్నోళ్ళు" అన్నాడు. నేను వదిలెయ్యలేదు. పైకి అడగడం మానేశాను కానీ వాడికి అన్నం వడ్డించిన ప్రతిసారీ లోపల అడుగుతూనే ఉన్నాను. వాడికీ వినపడేదనుకుంటాను. తల వంచుకుని గబగబా తినేసి లేచిపోయేవాడు.

గోనెల దుమ్ము మా ఆయన ఛాతీలో చేరింది. నాలుగేళ్ళు దగ్గి పోయాడు. వించి మీద ఉండుంటే దుమ్ము పట్టేది కాదని నేను అనుకుంటాను. పట్టేదేమో, దేవుడికే తెలియాలి.

మన వీధిలో ఓడల పని చేసినవాళ్ళని ఎలా మట్టి చేస్తామో మీకు తెలుసు. సమాధుల తోట మనుషుల్ని తాడు ముట్టుకోనివ్వరు. తోటివాళ్ళు నలుగురు తాళ్ళు పట్టుకుంటారు, గుంత తలవైపున ఒకడు నిలబడి ఓడ మీద చెప్పినట్టే ఆరియా చెబుతాడు. పెట్టె అడుక్కి తగిలాక బస్ అంటాడు. పాస్టరుగారి ప్రార్థన ఆ తర్వాతే. మా ఆయనకి ఆరియా చెప్పింది మా మరిది. గుంత అంచున నిలబడి కిందకి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. తాళ్ళు పట్టుకున్నవాళ్ళలో ఒకడు బరువు ఆపలేక, "అను బావా" అన్నాడు. అప్పుడన్నాడు. ఆ రోజు అందరి ముందూ నిజం చెబుతాడేమోనని ఎదురుచూశాను. బస్ అన్నాడు, ఇంటికి వచ్చాడు.

ఇప్పుడు మంచి చెప్పాలి. అబద్ధం కాదు, అదీ నిజమే. మా ఆయన పోయాక పన్నెండేళ్ళు ఏ ఆదివారమూ వాడు రాకుండా లేడు. మన వీధికి నీళ్ళు రాని ఎండాకాలాల్లో సైకిలుకి రెండు డబ్బాలు కట్టి నీళ్ళు తెచ్చి నా తొట్టి నింపాకే తన ఇంటికి తీసుకెళ్ళేవాడు. నా ఇంటి పెంకులు తనే సర్దేవాడు. నాకు కంటికి ఆపరేషన్ చేస్తే ఐదు రోజులు వరండాలో కూర్చున్నాడు. నేను గాబరాపడి పదిసార్లు పిలిస్తే పదిసార్లూ పలికాడు. కన్నకొడుకైనా అంత చెయ్యడు. అప్పన్నకైతే, ఓడల్లో సరుకు కింద పరిచే చెక్కలు సంపాదించి రోడ్డు పక్కన కిళ్ళీబడ్డీ కట్టించి ఇచ్చాడు. చంక కర్ర తనే చెక్కి, చంక కింద గుడ్డ చుట్టి ఇచ్చాడు. అప్పన్న వాడిని దేవుడిలా చూసేవాడు. ఆ మాట అప్పన్న నా ఎదురుగానే అనేవాడు, అని ఊరుకోకుండా మా ఆయన మీద జాలిపడినట్టు నిట్టూర్చేవాడు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని బడ్డీ దాటిపోయేదాన్ని.

ఒక అలవాటు పట్టుకుంది మా మరిదికి. ఏదైనా కింద పెట్టే ముందు వంగి చూడడం. నీళ్ళ డబ్బా దించే ముందు, సంచీ దించే ముందు, ఆఖరికి కుర్చీలో కూర్చునే ముందు కూడా కిందకి చూసేవాడు. పిల్లలు వెక్కిరించేవాళ్ళు. నా తోడికోడలు, ఏం పోగొట్టుకున్నావని తిట్టేది. వాడు, "సూడకుండా దించకూడదే" అనేవాడు. ఆమెకి ఎందుకో తెలియదు. ఆ సాయంత్రం పసిపిల్లతో పుట్టింట్లో ఉంది, మేమెవరమూ చెప్పలేదు. నాకు తెలుసు. వాడు అలా వంగిన ప్రతిసారీ నాకు జాలీ కలిగేది, ఒళ్ళూ మండేది. అన్ని చోట్లా చూస్తావు, చూడాల్సిన చోట చూడవు కదా అని.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, పెద్ద పెద్ద బరువులు ఎత్తించడం తెలిసినవాళ్ళు కావాలంటే మా మరిది కార్డు వదిలేసి అటు పోయాడు. ఉక్కునగరంలో క్వార్టరు ఇచ్చారు. అక్కడ కొత్త ఇంజనీర్లు చేతిలో మాట్లాడే పెట్టెలు పట్టుకుని ఇంగ్లీషులో చెబుతుంటే వీడు కింద నుంచి ఆరియా అని కేకేసేవాడట. నెల తిరక్కుండా ఇంజనీర్లకీ ఆ మాటే నాలిక మీదకి వచ్చిందని నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. ఇప్పుడు నీకు కార్డు భయం లేదు కదా బాబూ అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడు కార్డు కాదొదినా" అన్నాడు. "అప్పన్న ముకం."

ఆ రోజు వాడిని అనరాని మాటలన్నాను. మీ అన్న మొహం చూడడానికి నీకు సిగ్గేస్తే కదా అన్నాను. పోయినవాడికి మొహం ఉండదు కాబట్టి నీకు సులువైందన్నాను. వాడు తొట్టి అడుగు కడిగి, నీళ్ళు పోసి, వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చాడు.

ఈ ఏడు కడుపులో జబ్బు బయటపడింది. పోవడానికి రెండు వారాల ముందు క్వార్టరుకి వెళ్ళాను. తోడికోడలు వంటింట్లో ఉంది. వాడి చేతులు పుల్లల్లా అయిపోయాయి. అప్పన్నని పిలిపించానన్నాడు.  అప్పన్న రెండు బస్సులు మారి చంక కర్రతో వచ్చాడు. మంచం పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మా మరిది నోరు తెరిచాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

"బడ్డీ పైకప్పు కారతందేటి?" అన్నాడు.

లేదన్నాడు అప్పన్న. ఇద్దరూ ఆ పైకప్పు గురించే మాట్లాడుకున్నారు. అప్పన్న వెళ్ళాక మరిది నన్ను దగ్గరకి పిలిచాడు. "నాను సెప్పలేనొదినా. నాను పోయాక నువ్వు సెప్పీ. నువ్వు సెప్తే ఆడు నమ్ముతాడు" అన్నాడు.

చూడండి ఎంత పని చేశాడో. పదహారేళ్ళు తను ఎత్తలేనిది తెచ్చి, ఏ చప్పుడైనా ఉలిక్కిపడే ముసలిదాని నెత్తిన పెట్టాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మంచం మీద ఉన్నవాడిని ఏమీ అనలేక సరే అన్నాను. అనడం కూడా కాదు, తలాడించాను. అప్పుడు వాడు అరచెయ్యి మంచం మీద నుంచి కొంచెం పైకెత్తి, మెల్లిగా దించాడు. నన్ను గాబరా పడొద్దని.

ఇక్కడ నేనొకటి దాచాను. దాచి ముగిద్దామనే అనుకున్నాను. వాడి తప్పు రాసి నా తప్పు రాయకపోతే దేవుడు ఊరుకోడు.

ఆ సాయంత్రం అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నప్పుడు నేను అన్నం గిన్నె దగ్గర కూర్చుని ఉన్నాను. మా ఆయన తన లెక్క చెప్పాక మరిది ఒప్పుకోలేదని రాశాను కదా. ఒప్పుకోకుండా నావైపు తిరిగాడు. "వొదినా, నువ్వేటంటావ్?" అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళుగా నా మాట జవదాటని పిల్లవాడు. వద్దు అని ఒక్క మాట అంటే ఆగిపోయేది. నా కళ్ళ ముందు వాడి ముగ్గురు పిల్లలు, ఆ రెండు గదులు, ఒకరి పనితో అందరి తిండి, అన్నీ గిర్రున తిరిగాయి. భయపడ్డాను. "అన్నం సల్లారిపోతంది, తినండి" అన్నాను.

వాళ్ళు తిన్నారు. బస్ ఎవరైనా అనొచ్చని, కేరేజి పట్టుకొచ్చినదానివైనా అనొచ్చని నాకు గేటు దగ్గర నేర్పింది వాడే. ఆ మాట అవసరమైన రోజు మా ఇంట్లోనే వచ్చింది. నేను అన్నం వడ్డించాను.

ఈ కాగితం రాసేముందు తోడికోడలికి అంతా చెప్పాను.  "నీ మొగుడి పేరు కోసం నా మొగుడి పేరు పాడుసేత్తావా అక్కా" అంది. నా పేరు కూడా అందులోనే ఉందమ్మా అన్నాను. లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. రెండు ఆదివారాలుగా మందిరంలో నా పక్కన కూర్చోవడం లేదు. ఆమెని నేను తప్పుపట్టను. ఎవరూ తప్పుపట్టకండి.

అప్పన్నకి చదువు రాదు. వాళ్ళ కూతురు చదివి వినిపిస్తుంది. అమ్మా, నాన్నకి ఈ నాలుగు ముక్కలు రెండుసార్లు చదువు. మీ నాన్న మీదకి ఆ కట్ట దించమన్నది మా మరిది. చూడకుండా అన్నాడు, కావాలని కాదు. మా ఆయన కేక విన్నాకే దించాడు. వినకుండా దించానని చెప్పింది తమ్ముడి పని కోసం. అది ఆపగలిగి ఆపనిది నేను. మా ఆయన చెయ్యి తప్పు చెయ్యలేదు. మీ నానమ్మ అడిగిన మాటకి ఇదే జవాబు. ఆవిడ లేదు, మీరైనా వినండి.

మరిదిని మట్టి చేసిన రోజే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. తాళ్ళు పట్టుకోవడానికి ముసలివాళ్ళు నలుగురు దొరికారు. ఆరియా చెప్పేవాడు దొరకలేదు. ఎన్నో ఏళ్ళుగా ఈ వీధిలో ఎవరు పోయినా చెప్పింది మా మరిదే. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు అప్పన్న చంక కర్ర టకటకలాడించుకుంటూ ముందుకొచ్చాడు. "నానంతాను, నాకు సేసినోడు" అన్నాడు. నన్ను చూసి, "అన్నియ్య పొరపాటుకి తమ్ముడు బతుకంతా తీర్సుకున్నాడక్కా" అన్నాడు. అందరూ విన్నారు. అవునన్నట్టు తలలాడించారు.

బస్ అనడానికి నా నోరు తెరుచుకుంది. నిజంగా తెరుచుకుంది, పెదాల మీద గాలి తగిలింది. పెట్టె తాళ్ళ మీద ఊగుతోంది.

అప్పన్న వెంటనే ఆరియా అనలేదు. కర్ర అంచున గుచ్చి, ఉన్న ఒక్క కాలి మీద బరువు మోపి, గుంతలోకి వంగాడు. తలవైపు చూశాడు, కాళ్ళవైపు చూశాడు, మూలలు చూశాడు. కింద ఎవరూ లేరని తేలాకే తల ఎత్తి, అరచెయ్యి బోర్లించి, మెల్లిగా అన్నాడు.